భీమిలి దారిలో మూడు సైకిళ్లు



పిల్లల సెలవు దినాలను గురించి ఈ శీర్షికలో రాసినప్పుడల్లా మాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. ఎక్కువ ఖర్చు లేకుండా, ఇంటిల్లిపాదీ కలసి, ఊరికి దగ్గరలోనే చేయదగినది ఏమైనా ఉన్నదా అని అడుగుతారు. ఈ నెల దానికి జవాబు రాద్దామని కూర్చున్నాము. సముద్రం పక్కన, తెల్లవారుజామున, నిశ్శబ్దమైన దారిలో సైకిలు తొక్కడం గురించి చెప్పాలని మా ఉద్దేశం. అయితే ఆ దారిలోకి దిగే ముందు మా ఇంటి తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

మా పెద్దమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. రెండేళ్ల కిందట ఆమె సైకిలును మేము అటక మీద పెట్టేశాము. అది పాడైపోయిందని కాదు. ఎవరూ గట్టిగా వద్దనలేదు కూడా. వీధిలో ఒకరిద్దరు ‘పిల్ల పెద్దదవుతున్నది కదా’ అన్నారు. ఆ మాటకు బదులు చెప్పే ఓపిక లేక, ఒకనాటి సాయంత్రం గోనెపట్టా చుట్టి పైకి ఎక్కించాము. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని మేము సమ్మతిగా తీసుకున్నాము. ఆ తరువాత కొన్ని నెలలకు ఆమె తమ్ముడికి కొత్త సైకిలు కొన్నప్పుడు మాత్రం, అన్నం తింటూ తలెత్తకుండా ఒక మాట అడిగింది: “అబ్బా, తమ్ముడు పెద్దవాడైతే వాడిది కూడా పైన పెడతారా?”

ఆ ప్రశ్నకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తప్ప ఏమీ చేయలేదు. జవాబు చెప్పడానికి ఒక ఏడాదికి పైగా పట్టింది. అది కూడా మా అంతట మేము చెప్పినది కాదు. మాలో ఒకరికి రక్తంలో చక్కెర హద్దు దాటిందని డాక్టరు రోజూ కొంతసేపు ఒళ్లు అలిసేలా ఏదైనా చేయమన్నారు. నడక మొదలుపెట్టి మూడు వారాలలో మానేశాము. అప్పుడు ఇంట్లో సైకిలు మాట మళ్లీ వచ్చింది. తల్లిదండ్రులకు వైద్యంగా పనికి వచ్చేది కూతురికి ఎందుకు పనికి రాదో చెప్పడానికి మా దగ్గర మాట లేకపోయింది.

దాదీ ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం వీధివారి అభ్యంతరం వంటిది కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. “లోకం ఏమంటుందో నాకు అక్కరలేదు బేటా. లారీ ఏం చేస్తుందో అది చెప్పు” అన్నారు. ఆమె తమ్ముడు, అంటే మా మామూజాన్ ఒకరు, చాలా ఏళ్ల కిందట సైకిలు మీద పనికి వెళుతూ రహదారి ప్రమాదంలో పోయారు. ఆ భయం ముందు మాకు వాదన దొరకలేదు. అందువల్ల సైకిలు తొక్కవచ్చునా కూడదా అన్న చర్చ పక్కన పెట్టి, ఎక్కడ తొక్కాలి, ఏ వేళ తొక్కాలి అన్న చర్చ మొదలుపెట్టాము. పెద్దల భయానికి మాటలతో కాక ఏర్పాట్లతో జవాబు చెప్పడం మేలని మాకు తోచింది.

మేము ఉండేది విశాఖపట్నంలో గనుక వెతుకులాట ఎక్కువ దూరం పోలేదు. రామకృష్ణా బీచ్ నుంచి భీమునిపట్నం వరకు, సముద్రాన్ని అంటిపెట్టుకొని 25 కిలోమీటర్లకు పైగా సాగే దారి ఉన్నది. పగటిపూట, ముఖ్యంగా ఆదివారం మధ్యాహ్నం, ఆ దారిని ఎవరూ నిశ్శబ్దమైనది అనరు. కార్లు, పందేలు వేసుకునే మోటారు సైకిళ్లు, పర్యాటకుల బస్సులు కిక్కిరిసి ఉంటాయి. కానీ ఫజ్ర్ నమాజు ముగిసిన దగ్గర నుంచి ఎనిమిది గంటల దాకా అది వేరే దారి. ఊరి వైపు ఉన్న బీచ్ రోడ్డు ముక్కలో తెల్లవారుజామున నడిచేవారి కోసం మోటారు బళ్లను ఆపుతారు. ఆ తరువాతి భాగంలో పాల బళ్లు, చేపల బుట్టలతో వెళ్లే ఆటోలు, ఉదయపు బస్సు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. నిశ్శబ్దం దారిలో కంటే వేళలో ఉంటుందని మేము అప్పుడే గ్రహించాము. నమాజుకు లేచే ఇళ్లలో ఆ వేళ ఎలాగూ మెలకువే గనుక మనకు అది అదనపు కష్టం కాదు. విశాఖలో జూన్‌లో సూర్యోదయం దాదాపు 5 గంటల 25 నిమిషాలకు, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆ లెక్క చూసుకొని బయలుదేరితే చీకట్లో తొక్కవలసిన పని పడదు.

అటక మీది సైకిలు దించినప్పుడు దాని స్థితి చూసి సిగ్గు కలిగింది. ట్యూబులు రెండూ పగుళ్లు తీసి ఉన్నాయి. ఛెయిన్ తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. సముద్రపు గాలికి అటక కూడా అడ్డం కాదన్నమాట. బ్రేకు రబ్బర్లు రాయిలా గట్టిపడ్డాయి. వీధి చివర సైకిళ్లు బాగుచేసే చాచా అంతా విప్పి, కడిగి, బిగించి, చివరికి సీటు ఎత్తు దగ్గర ఆగారు. “బేటీ, నువ్వు రెండేళ్లు పెరిగావు, సీటు పెరగలేదు” అని నవ్వి కడ్డీని పైకి లాగారు. ఆయన చెప్పిన కొలత మాకు తెలియనిది. సీటు మీద కూర్చొని పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలట. అంతకంటే వంగితే పది కిలోమీటర్లు దాటేసరికి మోకాలు నొప్పి పెడుతుంది. మాలో ఒకరు చిన్ననాడు అరగంట అద్దె సైకిలు మీద, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి ఖైంచీ తొక్కి నేర్చుకున్నవారు. సీటు ఎత్తు అనే మాట ఆ రోజులలో ఎవరు విన్నారు!

దుస్తుల విషయంలో కొందరు సోదరీమణులు ఇదివరకే మమ్మల్ని అడిగి ఉన్నారు గనుక మా అనుభవం చెబుతాము. పొడవైన కుర్తా, సల్వారు, తలపై స్కార్ఫు, వీటిలో ఏదీ సైకిలుకు అడ్డు కాదు. జాగ్రత్త పడవలసినవి రెండు. మొదటిది ఛెయిన్ వైపు కాలి సల్వారు. దానిని మడమ దగ్గర రబ్బరు పట్టీతో బిగించాలి, లేదా ఛెయిన్‌కు పూర్తి మూత ఉన్న సైకిలు ఎంచుకోవాలి. వెనుక చక్రానికి జాలీ మూత పెట్టించుకుంటే పైట కొంగు గానీ అబాయా అంచు గానీ స్పోకులలో పడదు. రెండవది హెల్మెట్. దాని కింద పలుచని నూలు స్కార్ఫును ముడులు, పిన్నులు లేకుండా చదునుగా చుట్టుకోవాలి. గడ్డం కింది పట్టీ దగ్గర పిన్ను ఉంటే పడినప్పుడు అది గుచ్చుకుంటుంది. మా అమ్మాయి, వాళ్ల అమ్మీ ఇద్దరూ అద్దం ముందు నిలబడి నాలుగైదు విధాలుగా చుట్టి చూసిన తరువాత గానీ ఇది తేలలేదు. ఆ పూట వారిద్దరూ నవ్విన నవ్వు ఇంట్లో చాలా రోజుల తరువాత వినిపించింది.

ఒకేసారి భీమిలి దాకా పోలేదు. మొదటి ఆదివారం తెన్నేటి పార్కు దాకా వెళ్లి వచ్చాము. రెండో ఆదివారం రుషికొండ, మూడో ఆదివారం తొట్లకొండ పాదం. నాలుగో వారం, ఫిబ్రవరి చివరి రోజులలో, భీమిలి.

ఆ ఉదయం బయలుదేరేసరికి తూర్పు తెల్లబడుతున్నది. ముందు అమ్మాయి, మధ్యలో అమ్మీ, వెనుక అబ్బా. ఒకరి వెనుక ఒకరు, రెండు సైకిళ్ల దూరం వదిలి. ఈ వరుస మేము బాగా ఆలోచించి పెట్టుకున్నది. వేగం పిల్లది, కాపలా పెద్దలది. ఒడ్డున ఉన్న కుర్సురా జలాంతర్గామి నల్లటి వీపు మీద అప్పుడే వెలుగు పడుతున్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించి, ఆ మరుసటి ఏడు ప్రదర్శనశాలగా ఒడ్డుకు వచ్చిన నౌక అది. ఎదుట 2017 నుంచి నిలిపి ఉంచిన టీయూ-142 విమానం. ఈ రెండింటినీ కారులో వెళుతూ ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. సైకిలు మీద వెళుతుంటే వాటి పొడవు మొదటిసారి తెలిసింది. ఒక వస్తువును దాటడానికి పట్టే కాలమే దాని పరిమాణం కాబోలు.

కైలాసగిరి పాదం దగ్గర దారి కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కొని మెలికలు తిరుగుతుంది. కొంచెం ఎత్తు, కొంచెం పల్లం. ఇక్కడే ఊరి శబ్దం వెనక్కి తగ్గి అలల శబ్దం పైకి వస్తుంది. 2020 అక్టోబరులో పెనుగాలులకు కొట్టుకువచ్చిన బంగ్లాదేశ్ సరుకు నౌక ‘ఎం.వి. మా’ చిక్కుకున్నది ఈ తెన్నేటి పార్కు కింది రాళ్లలోనే. జనం తండోపతండాలుగా వచ్చి చూసిన దృశ్యం అది. అంతకు ఆరేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, ఇదే తీరాన్ని తుఫాను చీల్చి చెండాడింది. దాని పేరు హుద్‌హుద్. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతంలో వార్త మోసుకువచ్చిన పక్షి పేరు అంతటి విలయానికి ఎందుకు పెట్టారని మా అమ్మాయి అప్పట్లో, చాలా చిన్నప్పుడు, అడిగింది. ఈ ప్రాంతపు దేశాలు వంతులవారీగా తుఫానులకు పేర్లు ఇస్తాయనీ, ఆ పేరు ఒమాన్ ఇచ్చినదనీ చెప్పినా అప్పుడు ఆమెకు నచ్చలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తు చేస్తే ముందు నుంచి వెనక్కి తిరగకుండానే, “ఇప్పటికీ నచ్చలేదు” అన్నది.

జోడుగుళ్లపాలెం దగ్గర వేగం తగ్గించాలి. మత్స్యకారుల ఊరు. ఆ వేళకు పడవలు ఒడ్డుకు వస్తుంటాయి. దారి అంచున వలలు పరచి ఉంటాయి, కుక్కలు నిద్ర లేచి ఉంటాయి. వల మీదుగా చక్రం పోనివ్వకూడదు. అది వారి బతుకుతెరువు, పైగా నైలాను దారం ఫ్రీవీలులో చిక్కితే విడదీయడం చాలా కష్టం. కుక్క వెంటపడితే వేగం పెంచకుండా దిగి నడవడమే మేలు. మేము దిగినప్పుడు అవి ఆసక్తి కోల్పోయి వెళ్లిపోయాయి. ఒక ముసలమ్మ బుట్ట సర్దుకుంటూ మా వరుసను చూసి, “ఏ ఊరు పోతన్నారమ్మా పొద్దున్నే?” అని అడిగింది. భీమిలి అనగానే, “బస్సు లేదా?” అన్నది. దాదీ కూడా సరిగ్గా అదే అన్నారు.

నిజానికి దాదీ బస్సులోనే వస్తున్నారు. ఊరి నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా 900కె నంబరు సిటీ బస్సు ఉన్నది. మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, టిఫిను క్యారియరు ఒడిలో పెట్టుకొని, ఆ బస్సులో మా వెనుకే వస్తానని ముందురోజు రాత్రి ప్రకటించారు. ఆహారం కోసమేనని ఆమె చెప్పినా, దారి పొడవునా కిటికీలోంచి మమ్మల్ని వెతుక్కోవడానికేనని మాకు తెలుసు. మనుమడికి మాత్రం ఇది మహా అవమానం. వాడికి పదేళ్లు. కొత్త సైకిలు ఉండి కూడా బస్సు ఎక్కవలసి వచ్చింది. యాభై కిలోమీటర్లు వాడికి ఎక్కువని చెప్పినా వినలేదు.

సాగర్ నగర్ దాటితే రుషికొండ. దీని గురించి అందరికీ తెలిసినదే గనుక ఎక్కువ చెప్పము. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్. ఎండెక్కితే రద్దీ. ఉదయం ఆరున్నరకు దాటిపోవలసిన చోటు.

అక్కడి నుంచి భీమిలి దాకా ఉన్న భాగమే ఈ దారికి ప్రాణం. ఇళ్లు పలుచబడతాయి. సరుగుడు తోపులు, తాటిచెట్లు, వాటి సందుల్లోంచి నీలిరంగు. ఎడమ వైపు కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం ఉన్నది. రెండు వేల ఏళ్ల నాటిది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1970లలో నౌకాదళం వారు ఈ చుట్టుపక్కల సర్వే చేస్తున్నప్పుడు ఇది మళ్లీ వెలుగులోకి వచ్చింది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. పైకి తారురోడ్డు ఉన్నది గానీ మా వంటివారు సైకిలు ఎక్కి పోగలిగినది కాదు. కిందటి వారం సగం దాకా నడిపించుకుంటూ పోయి వెనుదిరిగాము. దిగేటప్పుడు రెండు బ్రేకులూ ఆపకుండా నొక్కి పట్టడం కంటే, విడిచి విడిచి నొక్కడం మంచిదని ఆ దిగుడులో తెలిసింది.

మంగమారిపేట దగ్గర సముద్రం కోసిన రాతి ద్వారం ఒకటి ఉన్నది. అలలు ఎంతకాలం కొట్టాయో గానీ రాయి మధ్యన కమానులా తెరుచుకున్నది. సైకిళ్లకు స్టాండు వేసి ఖర్జూరాలు, నీళ్లు తీసుకున్నాము. మాలో చక్కెర ఉన్నవారు బయలుదేరే ముందు, సగం దారిలో చక్కెర చూసుకోవడం, జేబులో ఏదైనా తీపి ఉంచుకోవడం తప్పనిసరి. మాత్రలు వాడేవారు ఇంత దూరం తొక్కే ముందు డాక్టరును అడిగి తీరాలి. మేము అడిగాము. “తిని బయలుదేరండి, ఒంటరిగా వెళ్లకండి” అన్నారు.

ఆ తరువాత వచ్చేవి ఎర్రమట్టి దిబ్బలు. ఒకప్పుడు సినిమా పాటల కోసమే ఉన్నాయనుకున్న ఈ దిబ్బలు నిజానికి వేల సంవత్సరాల చరిత్ర. సముద్రమట్టం వెనక్కి జరిగి ఇసుక బయటపడినప్పుడు గాలి దాన్ని మేటలుగా వేసింది. కాలక్రమంలో ఇనుము తుప్పు పట్టి ఎర్రబారింది. వానలు వాటిని లోయలుగా కోశాయి. ఇటువంటి ఎర్ర ఇసుక తీరం దక్షిణాసియాలో ఇక్కడా, తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇంత ప్రకటించినా అంచులలో తవ్వకాలు, బళ్ల చక్రాల గుర్తులు కనిపిస్తూనే ఉంటాయి. సైకిలు లోపలికి తీసుకుపోవద్దు. మెత్తని ఇసుకలో అది ఎలాగూ కదలదు. దారి పక్కన నిలిపి, నడిచి వెళ్లి, చూసి రావాలి. ఉదయపు ఎండలో ఆ ఎరుపు ఎలా ఉంటుందో వర్ణించడానికి ప్రయత్నించము. మా అమ్మాయి అరచేతిలోకి కొంచెం మట్టి తీసుకొని, చూసి, తీసిన చోటే వదిలేసింది.

భీమిలి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు దగ్గర దాదీ నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడగానే ముందు ముగ్గురినీ లెక్కపెట్టారు. తరువాత సైకిళ్లను లెక్కపెట్టారు. ఆ తరువాతే సలాముకు జవాబు చెప్పారు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, చెట్టు నీడన, కీమా పరాఠాలు తిన్నాము. భీమునిపట్నం చిన్న ఊరు గానీ పెద్ద గతం ఉన్నది. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి కరిగిపోతున్నాయి. హాలెండు నుంచి వచ్చినవారిని మన పూర్వులు వలందులు అన్నారు. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు అయిన మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేట పేరు దానికి గుర్తుగా మిగిలింది. 1861లో ఏర్పడిన భీమిలి పురపాలక సంఘం దేశంలోనే పాతవాటిలో ఒకటిగా ఉండేది. ఇదంతా మేము చెబుతుంటే పిల్లవాడు నీళ్లలోకి రాళ్లు విసురుతున్నాడు. దాదీ మాత్రం ఆ సమాధుల దగ్గర కొంతసేపు మౌనంగా నిలబడ్డారు. “ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చి పోయారు పాపం. ఇంటికి కబురు వెళ్లి ఉంటుందా?” అన్నారు. మామూజాన్ గుర్తుకు వచ్చి ఉంటారని మాకు అనిపించింది, అడగలేదు.

తిరుగు ప్రయాణం గురించి రాయకుండా దాటవేయాలని ఒక క్షణం అనుకున్నాము. అది నిజాయితీ కాదు.

ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. శీతాకాలం ముగిసి ఎండలు మొదలయ్యే రోజులలో పగలు పెరిగేకొద్దీ గాలి నైరుతి వైపు నుంచి, సముద్రం మీదుగా వీస్తుంది. వర్షాకాలంలో అదే గాలి మరింత బలంగా ఉంటుంది. అంటే ఊరి నుంచి భీమిలికి పోయేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసిన గాలే, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. అలసిపోయిన తరువాత ఎదురుగాలిలో తొక్కడం ఎంత కష్టమో ముందు తెలియలేదు. అందుకే అనుభవజ్ఞులు మొదట గాలికి ఎదురు వెళ్లి, వచ్చేటప్పుడు గాలితో రమ్మంటారు. ఆ లెక్కన నవంబరు, డిసెంబరు నెలలు, ఈశాన్యపు గాలి ఉన్న రోజులు, ఈ దారికి మేలు. తొమ్మిదిన్నరకు బయలుదేరినది మా రెండో తప్పు. అప్పటికే కార్లు మొదలయ్యాయి.

మేము తల వంచుకొని గాలిని తోసుకుంటూ పోతున్నాము. వరుస చెదిరింది. ముందు ఉండవలసిన అమ్మాయి ఎప్పుడు వెనుకబడిందో ఇద్దరమూ గమనించలేదు. ఆమె మరొకరి వెనుక ఉన్నదని ఎవరికి వారు అనుకున్నాము. మంగమారిపేట దాటి ఒక మలుపు తిరిగిన తరువాత వెనక్కి చూస్తే దారి ఖాళీ.

ఆ తరువాతి నిమిషాలను గురించి ఎక్కువ రాయలేము. సైకిళ్లు తిప్పి వెనక్కి తొక్కాము. ఆ కొద్ది దూరంలో గాలి మాకు అనుకూలంగా ఉన్నదన్న సంగతి కూడా తెలియలేదు. మాలో ఒకరు పైకే దుఆ చదువుతున్నారు. రెండో వారు దాదీకి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నారు. మలుపు అవతల, దారి అంచుకు బాగా దిగి, ఒక సరుగుడు చెట్టు కింద అమ్మాయి కూర్చొని ఉన్నది. సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉన్నది. ఛెయిన్ పడిపోయిందట. ఒక పుల్లతో ఛెయిన్‌ను పైకెత్తి, చిన్న పళ్ల చక్రానికి తగిలించి, పెడలు వెనక్కి తిప్పి ఎక్కించింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. స్కార్ఫు అంచుకు కూడా గ్రీజు అంటింది. పక్కన ఎవరూ లేరు. ఎవరినీ పిలవలేదు.

“ఎక్కడ నేర్చుకున్నావు?” అంటే, “చాచా బాగుచేసేటప్పుడు చూశాను” అన్నది. తరువాత, “మీరు వెనక్కి వస్తారని తెలుసు. అందుకే దారి మీద నిలబడకుండా లోపలికి వచ్చాను” అన్నది.

మేము ఆమెకు లారీల గురించి చెప్పాలనుకున్నదంతా ఆమె అప్పటికే చేసి ఉన్నది. తప్పిపోయిన వరుస మాది. అక్కడి నుంచి ఊరి దాకా అమ్మాయి మధ్యలో ఉన్నది, ముందున్నవారు ప్రతి కిలోమీటరు రాయి దగ్గర ఆగి వెనక్కి చూశారు. వచ్చేటప్పుడు సముద్రం ఎడమ వైపు, మన పక్కనే ఉంటుంది. అలసట లేకపోతే అందంగా ఉండేది.

విశాఖకు దూరంగా ఉన్న పాఠకుల కోసం రెండు దారులు చెప్పి ఈ సంగతి ముగిస్తాము. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రపు గట్టు మీదుగా పోయే దారి సమతలంగా ఉంటుంది, పిల్లలకు సులువు. అయితే ఆ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోస్తున్నది. జియోట్యూబులతో గోడ కట్టినా అల్పపీడనాలు వచ్చినప్పుడు అలలు దారి మీదికే ఎగసి దానిని తెంచుతుంటాయి. వెళ్లే ముందు దారి తెరిచి ఉన్నదో లేదో కనుక్కోవాలి, గాలివాన హెచ్చరిక ఉంటే అటు పోనే కూడదు. ఉప్పాడ జమ్‌దానీ చీరల మగ్గాలు ఆ ఊరిలోనే చూడవచ్చు. రెండవది సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు, పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే దారి. సుమారు 18 కిలోమీటర్లు, రెండు వైపులా నీరు, చలికాలంలో రాజహంసలు. చెట్టు నీడ లేదు, గాలికి అడ్డు లేదు. చివర అంతరిక్ష కేంద్రం కాపలా ఉంటుంది గనుక అంతకు ముందే వెనుదిరగాలి. ఏ దారిలోనైనా సముద్రం పక్కన తొక్కిన సైకిలును ఇంటికి రాగానే మంచినీటితో తుడిచి, ఛెయిన్‌కు నూనె వేయకపోతే వారంలో తుప్పు పడుతుంది.

మా సైకిలు ఆ సాయంత్రం తుడిచినది దాదీ పాత దుప్పటి ముక్కతో. ఆమే ఇచ్చారు. ఛెయిన్ సంగతి మేము చెప్పలేదు, పిల్లది చెప్పింది. దాదీ అంతా విని, ఏమీ అనకుండా లేచి వెళ్లి, మెట్ల కింద పేర్చి ఉన్న పూలకుండీలను పక్కకు జరపమని మనుమణ్ణి కేకవేశారు. సైకిలు ఇప్పుడు అక్కడ ఉంటున్నది.

సోమవారం అమ్మాయి లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. ఇంటి నుంచి ట్యూషన్‌కు పోయే దారి అందులో గీసి ఉన్నది. పెద్ద రోడ్డు తాకకుండా లోపలి వీధుల గుండా, రెండు చోట్ల మాత్రం దాటేలా. అవి ఎక్కడో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది. ఇది సముద్రం పక్కన ఆదివారం ఉదయం వంటిది కాదు. సాయంత్రం అయిదు గంటలకు ఊరి మధ్యన. మేము అవునని ఇంకా అనలేదు. కాగితం దాదీ దగ్గర ఉన్నది. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని ఎర్ర గుర్తులలో ఒకదాని మీద వేలు ఉంచి, “ఇక్కడ స్కూలు బస్సులు తిరుగుతాయి, ఈ మలుపు వద్దు” అన్నారు. రేపు సాయంత్రం అదే వేళకు ఆ దారిలో మేమిద్దరం ముందుగా తొక్కి చూడవలసి ఉన్నది.